ఇరవై గజాల వేట

1911 ఆగస్టు 29న కాలిఫోర్నియాలోని ఓరోవిల్ ఊరి శివార్లలో, పశువుల కబేళా కంచె దగ్గర ఒక మనిషి దొరికాడు. బక్కచిక్కి ఉన్నాడు. జుట్టు పొట్టిగా కాల్చుకుని ఉంది. అది అతని జాతిలో చావు మైల గుర్తు. అతని మాట ఆ ఊళ్లో ఒక్కరికీ అర్థం కాలేదు. ఏం చేయాలో తోచక షెరీఫ్ అతణ్ని జైలు గదిలో పెట్టాడు. ఆ తర్వాత మానవశాస్త్రవేత్తలు వచ్చి శాన్‌ఫ్రాన్సిస్కోలోని విశ్వవిద్యాలయ మ్యూజియానికి తీసుకెళ్లారు. సొంత పేరు పైకి చెప్పుకోవడం వాళ్ల ఆచారంలో లేదు. అందుకే అందరూ అతణ్ని ‘ఇషి’ అన్నారు. అతను యాహీ జాతివాడు. వాళ్ల భాషలో ఆ మాటకు అర్థం మనిషి అనే. మన మాటకూ దానికీ చుట్టరికమేమీ లేదు గానీ, తెలుగు చెవికి మాత్రం ఆ పేరు ఇట్టే పట్టుబడుతుంది.

యాహీలను తుడిచిపెట్టింది తుపాకులు. 1860లలో వలసదారులు గుంపులుగా వచ్చి కాల్చి చంపగా మిగిలిన గుప్పెడుమంది డీర్ క్రీక్ లోయలో దశాబ్దాల పాటు దాక్కుని బతికారు. 1908లో సర్వే బృందం ఒకటి ఆ స్థావరం మీద పడి, విల్లంబులతో సహా వాళ్ల సామాను పట్టుకుపోయింది. ఇవాళ అమెరికాలో వేల మంది తుపాకీని పక్కనపెట్టి కర్రవిల్లుతో వేటకు వెళ్తున్నారు. ఆ సరదాకు మూలపురుషుడు తుపాకీ దెబ్బకు జాతినంతా పోగొట్టుకున్న ఈ మనిషే. ఆ సంగతి తలచుకోకుండా సంప్రదాయ విలువిద్య గురించి ముచ్చటగా రాయడం ఈ వ్యాసకర్తకు చేతకాదు.

మ్యూజియం పక్కనే వైద్య కళాశాల ఉండేది. అక్కడి సర్జన్ శాక్స్‌టన్ పోప్ ఇషికి వైద్యం చేయబోయి అతని దగ్గర శిష్యుడిగా కుదిరాడు. చూసినదంతా కొలిచి రాసిపెట్టుకున్నాడు. ఇషి విల్లుకు కొండ జునిపర్ కర్ర వాడేవాడు. పొడవుకు టేపు అక్కర్లేదు. చాచిన చేతి నుంచి అవతలి తుంటి దాకా ఎంత ఉంటే అంత. జింక కాలి నరాలను నమిలి పోగులుగా చీల్చి, సాల్మన్ చేప తోలు ఉడికించిన జిగురుతో విల్లు వీపున అతికించేవాడు. విల్లు వంచినప్పుడు వీపు సాగుతుంది, కడుపు నొక్కుకుంటుంది. సాగే పక్కన నరం ఉంటే కర్ర చిట్లదు. పొట్టి విల్లు కూడా పొడుగాటి బాణాన్ని తట్టుకునే కిటుకు అదే. ఇంతా చేసి ఆ విల్లు బలం సుమారు 45 పౌన్లు.

ములుకుల కోసం నల్లని అగ్నిశిల గాజును జింక కొమ్ము మొనతో నొక్కి నొక్కి పెచ్చులు లేపేవాడు. సీసా పెంకులతోనూ చేసేవాడు. రవ్వ కంట్లో పడితే దానికీ ఓ వైద్యం ఉంది. రెప్ప ఆడించకుండా కింది రెప్పను వేలితో కిందికి లాగి, నేల చూస్తూ వంగి, నడినెత్తిన అరచేత్తో గట్టిగా ఒక్కటి చరుచుకోవడమే. సర్జన్ గారు ఇది కూడా శ్రద్ధగా నమోదు చేశారు.

నారి లాగే తీరు మరీ విశేషం. యూరప్ వాళ్లు మూడు వేళ్లతో లాగుతారు. ఇషి బొటనవేలు మడిచి నారికి తగిలించి, మధ్యవేలి కొసను గోటి మీద ఆన్చి లాగేవాడు. ద్రోణుడు ఏకలవ్యుణ్ని బొటనవేలే ఎందుకు అడిగాడన్నది ఇక్కడ తేటపడుతుంది. బొటనవేలితో లాగే విలుకాడికి అది పోతే విద్య అంతా పోయినట్టే. పోప్ ఆ పట్టు కొన్నాళ్లు సాధన చేసి, వేలు ఓర్చుకోలేక ఇంగ్లిషు పద్ధతికే మళ్లాడు.

రంగు వలయాల గురి ముందు నిలబెడితే ఇషి వెనకబడిపోయేవాడు. పిట్టంత వస్తువును దగ్గర్లో పెడితే మాత్రం శిష్యుల్ని మించేవాడు. అతని విద్య వేట కోసం పుట్టింది. వేట ముందు చేపలు తినకూడదు, పొగ తాగకూడదు, స్నానం చేసి సువాసన ఆకులు ఒంటికి రుద్దుకోవాలి. మనిషి వాసన గాలిలో కలిసిందంటే జింక కంటికి కూడా కనపడదని అతనికి తెలుసు. కుందేళ్ల వెంట పడేవాడు కాదు, వాటినే రప్పించేవాడు. రెండు వేళ్లు పెదాలకు ఆనించి చప్పరిస్తే ఆపదలో ఉన్న కుందేలు కీచుమన్నట్టు వినిపించేది. ఒక మధ్యాహ్నం పన్నెండు చోట్ల అలా పిలిస్తే అయిదు కుందేళ్లు, ఒక అడవి పిల్లి వచ్చాయని పోప్ లెక్క రాశాడు.

1916 మార్చిలో క్షయ ఇషిని తీసుకుపోయింది. పోప్ తన అనుభవాన్ని 1923లో పుస్తకంగా తెచ్చాడు. దాని పేరుకు తెలుగు చేస్తే ‘విల్లంబులతో వేట’. చిన్నప్పుడు సూ తెగవారి మధ్య విల్లు నేర్చిన విల్ కాంప్టన్, ఆర్థర్ యంగ్ అతనికి జతయ్యారు. పోప్, యంగ్ 1920లో ఎల్లోస్టోన్‌లో గ్రిజ్లీ ఎలుగుల్ని, 1925లో ఆఫ్రికాలో సింహాలను వేటాడారు. ఎలుగులు మ్యూజియం ప్రదర్శన కోసమే అన్నారు. అయినా చదువుతుంటే గురువుగారి కుందేలు వేటకు ఇది చాలా దూరం వచ్చిందనిపించక మానదు. తర్వాత యంగ్ అలాస్కా వేట సినిమాను 1927లో డెట్రాయిట్‌లో చూసిన ఫ్రెడ్ బేర్ అనే కుర్రాడు విల్లుల వ్యాపారంలోకి దిగాడు. పర్యావరణ చింతనకు దారి చూపిన ఆల్డో లియోపోల్డ్ కూడా విల్లంబులు తనే చేసుకుని న్యూమెక్సికో గిలా అడవిలో వేటకు తిరిగాడు. 1934లో విస్కాన్సిన్ రాష్ట్రం విలుకాళ్లకు వేరుగా జింకల వేట రోజులు కేటాయించింది.

ఆ తర్వాత కప్పీలు వచ్చాయి. మిస్సోరికి చెందిన హోలిస్ విల్బర్ అలెన్ 1966లో దరఖాస్తు చేసి, 1969లో పేటెంటు పొందిన కప్పీల విల్లు, అంటే కాంపౌండ్ విల్లు, ఆటనే మార్చేసింది. నేటి కాంపౌండ్ విల్లు 60 పౌన్లదైనా, పూర్తిగా లాగాక చేతి మీద పడే బరువు సాధారణంగా 10, 20 పౌన్లే. తాపీగా పట్టుకుని, సైటులో చూసి వదలొచ్చు. కర్రవిల్లు అలా కాదు, లాగేకొద్దీ బరువెక్కుతుంది. ఎక్కువసేపు పట్టుకుంటే భుజం వణుకుతుంది. అందుకే సంప్రదాయ విలుకాడు సైటు పెట్టుకోడు. చూపు జింక పక్కటెముకల మీద ఒక వెంట్రుక పాయ దగ్గర నిలుస్తుంది, చేయి దాని వెంట వెళ్తుంది. బంతి విసిరేవాడు దూరం కొలుచుకోడు కదా, ఇదీ అంతే. అయితే ఆ ‘అంతే’ చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది.

ఎంత సాధన చేసినా మంచి విలుకాళ్లలో చాలామంది ఇరవై గజాల లోపే వదులుతారు. ఎందుకో ఒక చిన్న లెక్క చెబుతుంది. కర్రవిల్లు బాణం సెకనుకు సుమారు 50 మీటర్లు పోతుంది. ఇరవై గజాలంటే 18 మీటర్లు, అంటే సెకనులో మూడో వంతుకు పైగా. నారి టంకారం మాత్రం సెకనులో ఇరవయ్యో వంతులోనే జింక చెవిన పడుతుంది. ఉలిక్కిపడి దూకడానికి అది ముందు కాళ్లు మడిచి కుంగుతుంది. బాణం చేరేసరికి వీపు ఉన్నచోట గాలి ఉంటుంది. అందుకే నారికి ఉన్ని కుచ్చులో, బొచ్చు ముక్కలో కట్టి చప్పుడు చంపుతారు. జింక బెదిరి తలెత్తి నిలబడినప్పుడు వదలరు. ప్రశాంతంగా, కాస్త అటు తిరిగి ఉండాలి. ఆ క్షణం రాకపోతే ఉత్త చేతులతో ఇంటికే.

గురి తప్పితే పోనీ అనుకోవచ్చు. సగం తగిలితేనే పాపం. గాయంతో పారిపోయే జంతువు సంగతి ఈ వేటను తప్పుపట్టేవాళ్ల చేతిలో బలమైన వాదన, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. బాణం తూటాలా దెబ్బతో కూల్చదు, కోత పెట్టి నెత్తురు పోగొట్టి చంపుతుంది. అందుకే చేతి వెంట్రుకలు గొరిగేంత పదునుగా ములికి నూరుతారు. తగిలాక వెంటనే వెంటపడకుండా కనీసం అరగంట ఆగుతారు. తర్వాత నెత్తుటి బొట్టు కనిపించిన చోటల్లా గుర్తు పెట్టుకుంటూ, ఆకు ఆకు వెతుకుతూ సాగుతారు. చీకటి పడితే లాంతరు తెచ్చుకుని మరీ వెతుకుతారు. వెతకడం మానేసినవాడికి తోటి విలుకాళ్లలో మర్యాద ఉండదు.

ఇదంతా లైసెన్సు కొనుక్కుని వెళ్లే వేట. మన నల్లమలలో కథ వేరు. చెంచులు ప్రధానంగా గడ్డలు, తేనె మీద బతుకుతూ విల్లంబులు చేతపట్టి తిరిగినవాళ్లు. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1943లో వాళ్ల మీద అచ్చువేసిన పుస్తకంలో ఆ బతుకు కనిపిస్తుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అక్కడ వేట నేరం. అడవి ఇప్పుడు పులుల అభయారణ్యం. పులి బతకాలంటే జింక మిగలాలి, కాదనలేం. అయినా ఒకచోట సరదాగా నిలిచిన విద్య, బతుకుతెరువుగా ఉన్నచోటే ఆగిపోయింది.

మిషిగన్‌లో కాంప్టన్ పేరు పెట్టుకున్న సంఘం ఏటా వేసవిలో కలుస్తుంది. అక్కడికి కప్పీల విల్లు రానివ్వరు. చెట్ల మధ్య ఫోమ్ జింకలు, ఫోమ్ ఎలుగులు నిలబెడతారు. తండ్రులూ పిల్లలూ తాతలూ వరసగా బాణాలు వేస్తూ నడుస్తారు. ఒకరు చెక్కుతున్న విల్లును ఇంకొకరు పట్టుకుని, ఏ కొమ్ము ఎక్కడ బిరుసుగా ఉందో వంచి చూసి చెబుతారు. నారి ఎక్కించి వదిలేసినా, నిలబెట్టి ఉంచినా విల్లు అలిసిపోతుందని, దానికి చెమట పడుతుందని ఇషి పోప్‌కు చెప్పాడు. బిగించి ఉంచిన కర్ర ఆ వంపుకే అలవాటుపడి బలం కోల్పోతుందని విల్లు చేసేవాళ్లు ఇప్పుడు చెబుతారు. సాయంత్రం గురి చూడటం అయ్యాక ఒక్కొక్కరూ విల్లు కొమ్మును కాలికి ఆనించి వంచి, నారి దించి, పక్కన పడుకోబెడతారు.