బాణం వదలాల్సిన దూరం

విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది, చివర్లలో కప్పీలుండే కాంపౌండ్ విల్లుతో. ఆ పోటీలో లక్ష్యం 50 మీటర్ల దూరాన ఉంటుంది. పది పాయింట్ల వలయం వెడల్పు 8 సెంటీమీటర్లే. అదే జాతి విల్లు పట్టుకుని అమెరికాలోని రాకీ పర్వతాల్లో ఏటా సెప్టెంబరులో వేలాదిమంది ఎల్క్ వేటకు వెళతారు. ఎల్క్ మన కణుజుకు చుట్టమే, కానీ మగది 300 కిలోలు దాటుతుంది. దాని గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు పెద్ద పళ్లెమంత. అయినా అదే 50 మీటర్ల నుంచి దాని మీద బాణం వేస్తారా అని అడిగితే, ఆరితేరిన వేటగాళ్లలో చాలామంది వేయబోమనే అంటారు.

చేతగాక కాదు. పటం కదలదు, ఎల్క్ కదులుతుంది.

కాంపౌండ్ విల్లు నుంచి వెళ్లే వేట బాణం సెకనుకు సుమారు 85 మీటర్లు పోతుంది. 50 మీటర్లు దాటడానికి అర సెకను పైనే పడుతుంది. నారి మోత మాత్రం సెకనుకు 340 మీటర్ల వేగంతో ముందే చెవిని చేరుతుంది. ఉలిక్కిపడ్డ జంతువు ఒళ్లు కిందికి దించి దూకబోతుంది. మోత వినకపోయినా, మేస్తూ మేస్తూ తాపీగా ఒక్క అడుగు ముందుకు వేసిందంటే ఊపిరితిత్తులకు పెట్టిన గురి పొట్టలో దిగబడుతుంది. తూటా కొట్టిన తాకిడికి జంతువు అక్కడికక్కడే పడిపోవచ్చు. బాణానికి ఆ బలం లేదు, అది కోస్తుందంతే. మొనకున్న బ్లేడ్లు రెండు ఊపిరితిత్తుల్లోంచీ దూసుకుపోతే ఎల్క్ కొద్ది క్షణాల్లోనే, చాలాసార్లు వంద గజాల లోపే కూలిపోతుంది. అదే బాణం పొట్టలో దిగితే గంటల తరబడి నరకం. దూరం లెక్కంతా ఈ తేడా దగ్గరే పుట్టింది.

అంచనా తప్పడం ఇంకో బాధ. 20 గజాలనుకున్నది నిజానికి 25 అయితే బాణం నాలుగు వేళ్ల మందం కిందికి తగులుతుంది. 60 అనుకున్నది 65 అయితే జానెడు దిగిపోతుంది. తప్పు అదే అయిదు గజాలు. లేజర్‌తో దూరం కొలిచే పరికరం ఉందిగా అంటారు. ఉంది, మంచిదే. కానీ కొలిచేటప్పటికి, విల్లు లాగి గురిపెట్టేటప్పటికి మధ్య ఎల్క్ నాలుగడుగులు వేస్తే ఆ అంకె పాతబడినట్టే. కొండవాలు మీద ఇంకో మెలిక ఉంది: కిందికో పైకో వేసేటప్పుడు వాలు వెంట ఉన్న దూరం కాదు, క్షితిజ సమాంతరంగా ఉన్న దూరమే లెక్క.

అందుకే ఈ విద్యలో అసలు పనితనం దూరం నుంచి కొట్టడంలో లేదు, దగ్గరికి రప్పించుకోవడంలో ఉంది. సెప్టెంబరు ఎల్క్‌ల జతకాలం. మగ ఎల్క్ గొంతు బొంగురుగా మొదలై, ఈల మాదిరి పైకి లేచి, గురకలతో ముగుస్తుంది. వేటగాళ్లు జంటగా వెళతారు. విల్లు పట్టినవాడు ముందు కూర్చుంటాడు. పిలిచేవాడు అతని వెనకాల 40, 50 గజాల్లో దాక్కుని, నోట్లో పెట్టుకున్న పల్చటి రబ్బరు పొరతో ఆడ ఎల్క్ కూత తీస్తాడు. కూత వచ్చిన చోటుకేసి చూస్తూ వచ్చే మగది ముందున్నవాడి పక్క నుంచే నడవాలి. చుట్టూ ఉన్న చెట్ల దూరాలు అతను అప్పటికే కొలిచి పెట్టుకుని ఉంటాడు. దాని తల ఒక మాను చాటుకు వెళ్లిన క్షణంలో విల్లు లాగుతాడు. అది బయటికి రాగానే నోటితో చిన్న కూత. ఎల్క్ ఆగుతుంది. పక్కవాటుగానో, కాస్త అవతలికి తిరిగో నిలబడితేనే బాణం. ఎదురుగా నిలబడితే భుజం ఎముకలూ రొమ్ము ఎముకా అడ్డు, కాబట్టి చాలామంది వదిలేస్తారు. పొద చాటున అరుపు వినబడిందని వేసేవాడు మాత్రం వేటగాడే కాదు. శబ్దభేదితో దశరథుడు ఏం కొనితెచ్చుకున్నాడో మనకు ఒకరు చెప్పాలా?

ఇంత చేసినా గాలి మారితే అంతా వృథా. పొద్దున్నే చల్లగాలి లోయలోకి దిగుతుంది, ఎండెక్కాక పైకి ఎగబాకుతుంది. మనిషి వాసన తగిలిందంటే ఆ రోజుకి ఎల్క్ మళ్లీ కనబడదు. గాలి ఎటు వీస్తోందో చూపే పొడి సీసాను జేబులోంచి తీసి అస్తమానం పిండి చూసుకోవడం అందుకే.

నేటి అమెరికా విల్లువేటకు గురువనదగ్గవాడు ఇషి. యాహీ తెగలో మిగిలిన ఆఖరి మనిషి. 1911లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ దగ్గర బయటి లోకానికి కనబడ్డాడు. అతనికి వైద్యం చేసిన డాక్టర్ శాక్స్‌టన్ పోప్ అతని దగ్గరే విల్లు చేయడం, వేటాడడం నేర్చుకున్నాడు. పటం మీద గురిలో ఇషి గొప్పవాడేమీ కాదు. కానీ కుందేలును కూతపెట్టి పిలిచి, అడుగుల దూరంలోకి వచ్చాక కొట్టేవాడు. 1916లో క్షయతో పోయాడు. పోప్ పేరు, అతని మిత్రుడు ఆర్థర్ యంగ్ పేరు కలిపి 1961లో పెట్టిన పోప్ అండ్ యంగ్ క్లబ్, జంతువుకు తప్పించుకునే అవకాశం ఉండాలన్న నియమాన్ని ఇప్పటికీ పట్టుకుని ఉంది.

దూరం విషయంలో చట్టం పెద్దగా ఆదుకోదు. రాకీల్లోని కొలరాడో రాష్ట్రంలో వేటవిల్లు లాగుడు బలం కనీసం 35 పౌండ్లు ఉండాలి, బాణం మొన వెడల్పు అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులకు తగ్గకూడదు. ఎన్ని గజాల నుంచి వేయాలో మాత్రం ఒక్క ముక్క లేదు. ఆ గీత ఎవరికి వారు గీసుకోవలసిందే. పాతకాలపు కర్రవిల్లు పట్టేవాళ్లు సాధారణంగా 20 గజాలు దాటరు. కాంపౌండ్ వాళ్లలో చాలామంది 40 దగ్గర ఆగుతారు. గీసుకునే పద్ధతి తేలికే: భోజనం చేసే పేపర్ ప్లేటు ఒకటి కట్టి, రోజుకు ఒకే బాణం, ఒళ్లు వేడెక్కకముందే, వేటలో వాడే మొనతోనే వేయాలి. కొన్నాళ్లు పరిగెత్తి వచ్చి రొప్పుతూ వేయాలి, కొన్నాళ్లు మోకాళ్ల మీద కూర్చుని వేయాలి. ఎప్పుడూ ప్లేటు తప్పని దూరం ఎంతో అది పెరటి లెక్క. కొండ మీదికి అందులోంచి మూడోవంతు కోసేయాలన్నది నా లెక్క. పైగా ఆ అంకె ఇంటి దగ్గరే తేలిపోవాలి. ఎదురుగా కొమ్ములూపుతూ ఎల్క్ అరుస్తుంటే 40 కాస్తా 45 అవుతుంది, 45 కాస్తా 55 అవుతుంది.

వంద గజాల నుంచి కొట్టిన వీడియోలు ఇప్పుడు కోకొల్లలు. తప్పిపోయినవీ, పొట్టలో దిగినవీ ఎవరూ పెట్టరు కాబట్టి వాటిని చూసి నేర్చుకునేదేమీ లేదు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు సరదా వేటకు వీల్లేదు. కానీ డెన్వర్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగువాళ్లలో ఎవరికైనా ఈ సరదా పుడితే, విల్లు కొనేముందే వేట శిక్షణ కోర్సులో చేరండి. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు ఆ సర్టిఫికెట్ లేనిదే కొలరాడోలో సాధారణంగా వేట లైసెన్సు ఇవ్వరు.