రెడ్ హౌస్ గుమాస్తాకు

ట్రినిడాడ్ రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ గుమాస్తా, ఈ వందనం నీకు! గవర్నర్ల పేరిట వీధులు వెలిశాయి. నీకు మిగిలింది వేలికంటిన సిరా.

1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవానికి ఎర్రరంగు పూసుకుని రెడ్ హౌస్ అనిపించుకుంది నీ కచేరీ. 1903లో, నీళ్ల చట్టం మీద రేగిన అల్లర్లలో కాగితాలతో సహా కాలింది. 1907కల్లా మళ్లీ లేచింది. గోడలు కొత్తవి, మెట్లు మాత్రం పాతవే. పైన లండన్ పంపిన దొర, ఆ కింద ఫ్రెంచి క్రియోల్ తెల్లవాళ్లు, వాళ్ల కింద చామనఛాయ, ఆ కింద నలుపు. చెరకుతోటల్లోంచి చదువుకుని వచ్చిన భారతీయుడు అందరికన్నా ఆలస్యంగా వచ్చి, దొరికిన మెట్టు మీద కూర్చున్నాడు.

సాయంత్రం కచేరీ కట్టేసినా రంగు లెక్క కట్టేయలేదు. క్రికెట్‌లో క్వీన్స్ పార్క్ తెల్లవాళ్లది, మేపుల్ చామనఛాయ మధ్యతరగతిది, షానన్ నల్లవాళ్లది. షానన్ ఆటగాడు లియరీ కాన్‌స్టంటైన్ కూడా లాయర్ల దగ్గర గుమాస్తాగిరీ చేసినవాడే. అక్కడ నల్లవాడికి పైమెట్టు లేదని తెలుసుకుని, 1929లో ఇంగ్లండు వెళ్లి నెల్సన్ క్లబ్బుకు ఆడాడు. 1969లో బ్రిటిష్ పార్లమెంటు లార్డ్స్ సభలో కూర్చున్నాడు. నువ్వు వెళ్లలేదు. అందుకే ఈ పాట నీకు.

పుట్టుకలకూ పెళ్లిళ్లకూ చావులకూ నకళ్లు రాసిన చేయీ! కుర్రతనంలో రచయిత నైపాల్ కూడా కొన్నాళ్లు చేసిన పని అది. దొర బిడ్డకూ కూలీ బిడ్డకూ ఒకే సిరా, ఒకే గడులు. కానీ ఆ గడుల్లోనే ముల్లుంది. 1845 నుంచి 1917 దాకా ట్రినిడాడ్‌లో ఓడలు దించిన భారతీయ కూలీల్లో మద్రాసు రేవున ఎక్కినవాళ్లున్నారు, మన తెలుగువాళ్లూ ఉన్నారు. వెదురు పందిట్లో అగ్నిసాక్షిగా జరిగిన పెళ్లి, 1945లో హిందూ వివాహ చట్టం వచ్చేదాకా, సర్కారు లెక్కలో పెళ్లే కాదు. ఆ దంపతుల బిడ్డ కాగితం మీద అక్రమ సంతానం. నువ్వూ ఆ పందిరి బిడ్డవే అయితే, నకలు రాస్తున్న కలం కాస్తయినా తడబడిందా?

నిన్ను వీరుడని పొగడను. పైవాడు వస్తే లేచి నిలబడ్డావు. కిందివాణ్ణి నిలబెట్టి, రేపు రమ్మన్నావు. ఊపిరాడని మెట్ల మీద నీకూ ఒక మెట్టు కావాల్సి వచ్చింది, అంతే. అయినా ఇవాళ ట్రినిడాడ్‌లో తాతముత్తాతల పేర్లు వెతుక్కునేవాళ్లకు గవర్నరు ప్రసంగాలతో పనిలేదు. వాళ్లు అడిగేది నీ రిజిస్టరు, అందులోని తప్పు స్పెల్లింగులతో సహా.