మొండి లింటల్

కొత్త ఇంట్లో పాలు పొంగించిన వారానికల్లా మొదలయ్యే పనుల్లో కర్టెన్ రాడ్ బిగించడం ఒకటి. కిటికీ పైన పెన్సిల్‌తో గుర్తు పెడతారు, డ్రిల్ మిషన్ ఆన్ చేస్తారు. పైపూత ఇట్టే రాలిపోతుంది. అర అంగుళం దిగాక బిట్ ఆగిపోతుంది. ఎంత నొక్కినా అక్కడే తిరుగుతూ ఉంటుంది, కొస వేడెక్కి నల్లబడుతుంది. "ఇక్కడ దిగట్లేదు సార్, కొంచెం పైకి జరుపుదామా?" అంటాడు స్టూలు ఎక్కిన కుర్రాడు. సరేనంటే పైన చులాగ్గా దిగుతుంది. ఇంటివాళ్ళు హమ్మయ్య అనుకుంటారు. నాకు మాత్రం భయం పట్టుకునేది అక్కడే. దిగని చోటు వదిలేసి దిగే చోటు వెతుక్కోవడం ఈ పనిలో అతి పెద్ద పొరపాటని నా గట్టి నమ్మకం.

బిట్‌ను ఆపింది లింటల్. కిటికీ కోసం గోడలో వదిలిన ఖాళీ మీద, పైనున్న ఇటుకల బరువు మోయడానికి పోసిన కాంక్రీటు దూలం అది. మామూలు ఇళ్ళలో దాని ఎత్తు ఆరంగుళాల దాకా ఉంటుంది. కిటికీకి రెండు పక్కలా మరో ఆరంగుళాలు గోడలోకి చొచ్చుకుపోయి కూర్చుంటుంది. కొన్ని ఇళ్ళలో విడివిడి ముక్కలుగా కాక ఇంటి చుట్టూ ఒకే పట్టీలాగా పోస్తారు. ఇప్పుడు రాడ్ సంగతి చూడండి. తెర తీసినప్పుడు కిటికీ మొత్తం తెరుచుకోవాలంటే బ్రాకెట్లు చట్రానికి మూడు నాలుగు అంగుళాల పైన, పక్కలకు కూడా దాదాపు అంతే దూరంలో ఉండాలి. అంటే కంటికి నచ్చే చోటు, బరువు మోయగల చోటు ఒకటే అయ్యాయన్నమాట. ఇంత చక్కగా కుదిరిన దాన్ని, మిషన్‌కు దమ్ము చాలలేదని వదులుకుంటున్నాం.

అసలు అది ఎందుకంత మొండికేస్తుంది? కాంక్రీటులో సిమెంటు గుజ్జు ఒక మాదిరి గట్టిది. బిట్‌ను నిలబెట్టేది అందులోని కంకర. హైదరాబాద్ చుట్టుపక్కల వాడే 20 ఎంఎం కంకర క్రషర్లలో నలిగిన గ్రానైటే. బంజారాహిల్స్‌లో, గచ్చిబౌలిలో ఇళ్ళ మధ్య ఇంకా అక్కడక్కడా మిగిలిన ఆ బండల జాతే. దాని వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. ఏటి ఇసుక దొరకడం కష్టమయ్యాక రోబో శాండ్ వచ్చింది, అదీ పొడిచేసిన గ్రానైటే. కాబట్టి ఈ ఊళ్ళో లింటల్‌కు డ్రిల్ పెట్టామంటే గుట్టకు పెట్టినట్టే లెక్క. గ్రానైట్‌లోని క్వార్ట్జ్ మామూలు ఉక్కు కంటే గట్టిది. అందుకే బిట్ కొసకు టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్క అతికిస్తారు. ఆ ముక్క అరిగిపోయిన బిట్‌తో రోజంతా నొక్కినా గోడ వేడెక్కడం తప్ప ఫలితం లేదు.

బిట్ బాగున్నా మిషన్ సరిపోవాలి. ఇళ్ళల్లో ఉండే ఇంపాక్ట్ డ్రిల్‌లో పళ్ళున్న రెండు బిళ్ళలు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ బిట్‌ను ముందుకూ వెనక్కూ అదిలిస్తాయి. దెబ్బలు లెక్కలేనన్ని పడతాయి గానీ ఒక్కోటీ చాలా చిన్నది. మనం ఎంత నొక్కితే అంత బలం. ఇటుకకు అది చాలు, కంకరకు చాలదు. రోటరీ హామర్ పద్ధతి వేరు. లోపల ఒక పిస్టన్ గాలిని ఒత్తుతుంది, ఆ గాలి ఒక దిమ్మను తంతుంది, దిమ్మ వెళ్ళి బిట్‌ను కొడుతుంది. సైకిల్ పంపు మూతికి వేలు అడ్డం పెట్టి కొడితే లోపలి గాలి చేతిని ఎలా ఎదురుతంతుందో అలాగన్నమాట. చేతిలో ఇమిడే చిన్న మిషనే నిమిషానికి నాలుగు వేల దెబ్బల దాకా, ఒక్కోటీ రెండు మూడు జౌల్స్ బలంతో వేస్తుంది. కంకర తొలుచుకుపోదు, చిట్లుతుంది. నొక్కాల్సిన పని లేదు, నిటారుగా పట్టుకుంటే చాలు, తనంతట తనే దిగుతుంది. ఈ మిషన్ చేతికొచ్చాక నాకు లింటల్ అంటే భయం పోయి ఇష్టం పుట్టింది. అద్దెకు కూడా దొరుకుతుంది. కొత్తగా కట్టే టవర్లలో మైవాన్ షట్టరింగ్ (అల్యూమినియం అచ్చులు) పెట్టి గోడలన్నీ కాంక్రీటుతోనే పోస్తున్నారు కాబట్టి అక్కడ ఇది తప్ప దారి లేదు.

లింటల్‌లో ఇనుము ఉంటుంది కదా అని అడుగుతారు. ఉంటుంది. దాని చోటు తెలిస్తే తప్పించుకోవచ్చు. పొడవు కడ్డీలు లింటల్ పై అంచుకు, కింది అంచుకు దగ్గరగా, అంగుళం చిల్లర లోపల నడుస్తాయి. వాటిని చుట్టే రింగులు సుమారు ఆరంగుళాలకొకటి. ఎత్తులో సరిగ్గా నడిమి భాగం చాలావరకు ఖాళీ. అంటే కిటికీ ఖాళీ పై అంచు నుంచి మూడంగుళాలు కొలిచి అక్కడ గుర్తు పెట్టుకుంటే కడ్డీ తగిలే అవకాశం తక్కువ. తగిలితే తెలిసిపోతుంది. గరగర శబ్దం పోయి ఖంగుమంటుంది, పొడి రావడం ఆగిపోతుంది. అప్పుడు మిషన్ ఆపి అంగుళం పక్కకు జరగాలి. పంతానికి పోయి కడ్డీని కోయకూడదు. కిటికీ మీది బరువంతా దాని మీదే ఉంది.

రంధ్రం పడుతున్నప్పుడు నేను మిషన్ కంటే పొడిని చూస్తాను. మొదట వచ్చే బూడిద రంగు పొడి పూతది, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. తర్వాత ఎర్రగా వస్తే ఇటుక, గరుకుగా మిలమిలలాడే తెల్లటి బూడిద రంగు వస్తే కాంక్రీటు. మెత్తటి తెల్లపిండి బొలబొలా రాలితే అది ఏఏసీ బ్లాకు, అంటే తేలికపాటి కాంక్రీటు ఇటుక. స్క్రూ పట్టడానికి రంధ్రంలో దూర్చే మామూలు ప్లగ్గు దానికి పనికిరాదు, ఆ బ్లాకుల కోసమే చేసిన పొడవాటి ప్లగ్గులు కావాలి. ఏ పొడీ సరిగా రాకుండా బిట్ ఒక్కసారిగా లోపలికి జారిపోయిందంటే రెండిటుకల సందులో పడ్డట్టు. ఆ రంధ్రాన్ని నమ్మకూడదు.

నమ్మకూడదని ఎందుకంటున్నానంటే, బ్రాకెట్‌ను పెరికేది తెర బరువొక్కటే కాదు. బ్రాకెట్ గోడ నుంచి మూడంగుళాలైనా ముందుకు వస్తుంది. తెరను లాగిన ప్రతిసారీ బ్రాకెట్ కింది అంచు గోడకు నొక్కుకుని, పైనున్న స్క్రూను బయటికి గుంజుతుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఏళ్ళ తరబడి. మధ్యలో పసివాళ్ళు తెర పట్టుకుని ఊగుతారు. ఇంత లాగుడుకూ ఎదురు నిలిచేది, ప్లగ్గుకూ రంధ్రం గోడకూ మధ్యనున్న రాపిడి మాత్రమే. స్క్రూ లోపలికి వెళ్ళేకొద్దీ ప్లగ్గు ఉబ్బి గోడను ఒత్తుతుంది. గోడ తిరిగి ఒత్తగలిగితేనే పట్టు. పూత ఆ పని చేయలేదు. సందులోని సున్నమో సిమెంటో కూడా చేయలేదు. కాంక్రీటు చేస్తుంది. బిట్‌ను అంతసేపు నిలబెట్టిన గట్టిదనమే రేపు స్క్రూను పట్టుకునేది.

అందుకే ప్లగ్గు పూత దాటి పూర్తిగా కాంక్రీటులో కూర్చోవాలి. ఎనిమిది ఎంఎం ప్లగ్గుకు ఎనిమిది ఎంఎం బిట్టే, చేతికి దొరికిన పది కాదు. లోతు ప్లగ్గు కంటే అర అంగుళం ఎక్కువ ఉండాలి. బిట్‌కు టేపు ముక్క చుట్టుకుంటే ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. లోపలి పొడి గాలి కొట్టి తీసేయాలి. పొడి మిగిలితే ప్లగ్గు గోడను కాక పొడిని పట్టుకుంటుంది. చాలామంది వదిలేసే పని ఇదే.

మేస్త్రీలు గిట్టీ అనే ఈ చిన్న ముక్క రాకముందు గోడను ఉలితో చదరంగా తొలిచి, చెక్కముక్క దిగ్గొట్టి సిమెంటు పెట్టేవారు. పాత ఇళ్ళలో కరెంటు తీగల చెక్కపట్టీల వెనక అవే ఉండేవి. చెక్క ఎండి కుంచించుకుంటే స్క్రూ వదులయ్యేది. 1911లో లండన్‌లో జాన్ జోసెఫ్ రాలింగ్స్ అనే కాంట్రాక్టరు, బ్రిటిష్ మ్యూజియం గోడలు పాడవకుండా కరెంటు సామాను బిగించాల్సి వచ్చి, జనపనార పోగులతో గుండ్రటి ప్లగ్గు చేశాడు. మనం రాల్ ప్లగ్ అంటున్నది ఆయన పేరునే. ఆ రోజుల్లో ప్రపంచానికి జనపనార అందించేది బెంగాలే. తర్వాత 1958లో ఆర్టుర్ ఫిషర్ అనే జర్మన్, తాళాల పని నేర్చుకుని పైకొచ్చిన మనిషి, నైలాన్‌తో చీలిక ప్లగ్గు చేశాడు. నైలాన్ ఎండదు, కుళ్ళదు. రంధ్రంలో తిరిగిపోకుండా పక్కన రెండు రెక్కలు పెట్టాడు. ఇవాళ హార్డ్‌వేర్ కొట్లో గుప్పెడు లెక్కన పోసిచ్చే ప్లగ్గులన్నీ ఆ కుదురువే. గోడను గాయపరచకుండా పని కావాలన్న పట్టింపు నుంచి పుట్టిన వస్తువు కనుక నాకు అదంటే గౌరవం.

కర్నూలు వైపు నాపరాతి మిద్దెల్లో గోడ తొలిచే ఈ బాధ ఉండేది కాదు. కిటికీ చిన్నది, చట్రం కొయ్యది. చట్రానికే రెండు కొక్కేలు బిగించి స్ప్రింగు తీగ లాగి, సగం కిటికీకి పాతచీర తెర వేసేవారు. గోడ జోలికి పోయే అవసరమే రాలేదు. ఇప్పుడు ఆ ఇళ్ళకూ రాడ్లు వస్తున్నాయి. అక్కడ మాత్రం హామర్ వాడొద్దని చెబుతాను. నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది, దెబ్బకు పెచ్చులూడుతుంది. దెబ్బ లేకుండా ఒట్టి తిప్పుడుతో, నిదానంగా, రాయి నడిబొడ్డున రంధ్రం చేయాలి. అంచుకు దగ్గరగా పెడితే చీలుతుంది, రాళ్ళ సందున పెడితే మట్టిలో దిగుతుంది. అంతకంటే మేలు, ఆ పాత పద్ధతిలోనే బ్రాకెట్‌ను కొయ్యచట్రానికి బిగించుకోవడం.

ఇక పొడి సంగతి. గ్రానైట్ పొడిలో క్వార్ట్జ్ ఉంటుంది. కంటికి కనిపించే పొడి కిందికి రాలుతుంది, కనిపించనంత సన్నటిది గాలిలో తేలి ఊపిరితిత్తుల అడుగుకు చేరుతుంది. అక్కడ మచ్చలు కడుతుంది. సిలికోసిస్ అంటారు, నయం చేసే మందు లేదు. మన ఇంట్లో నాలుగు రంధ్రాల వల్ల మనకేమీ కాదు. కానీ కర్టెన్ల కొట్టు పంపిన కుర్రాడు పొద్దున ఒక ఇంట్లో, మధ్యాహ్నం ఇంకో ఇంట్లో, నెత్తి పైకెత్తి ఆ పొడి కిందే నిలబడి ఏళ్ళ తరబడి ఇదే పని చేస్తాడు. ముక్కుకు కట్టుకున్న చేతిరుమాలు ఆ సన్నపొడిని ఆపలేదు. ఎన్95 మాస్కు ఆపుతుంది. కరోనా నాటివి ఇంట్లో మిగిలి ఉండవచ్చు. ఒకటి తీసిచ్చి, కళ్ళద్దాలూ ఇచ్చి, వాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని రంధ్రం కింద పట్టుకుని నిలబడటానికి ఇంటివాళ్ళకు అయ్యే ఖర్చేమీ లేదు. ప్లాస్టిక్ స్టూలు తీసేసి నిచ్చెన ఇవ్వాలి. రంధ్రానికింత అని బేరమాడే దగ్గర కొంచెం తగ్గాలి. బేరం బిగిసినకొద్దీ తొందర పెరుగుతుంది. తొందరలో ఉన్న మనిషి లింటల్‌తో తలపడడు, పైకి జరుపుతాడు.

ఇంజనీర్లకూ బిల్డర్లకూ ఒక మాట. స్లాబ్ పోసే ముందు ప్రతి గదిలో ఫ్యాన్ హుక్ కోసం డబ్బా పెట్టడం మీకు అలవాటే. ఎవరూ మర్చిపోరు. ప్రతి కిటికీకీ తెర వస్తుందని కూడా మీకు తెలుసు. లింటల్ పోసేటప్పుడు రెండు కొసల్లో బోల్టు పట్టే మరలు పాతిపెడితే ఈ తొలుచుడే ఉండదు. అది కుదరకపోతే, పూత పెట్టకముందు ప్రతి గోడకూ టేపు ఆనించి ఒక ఫోటో తీయించండి. లింటల్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో, కరెంటు గొట్టాలు ఎటు పోయాయో అందులో ఉంటుంది. తాళాలు అప్పగించే రోజున ఆ ఫోటోలూ ఇవ్వండి. ఇంటివాళ్ళు వాటిని దాచి, అద్దెకు దిగేవాళ్ళకూ ఒక కాపీ ఇవ్వాలి.