విడుదల లేఖ: అభిప్రాయం నుండి బంధుత్వానికి

1961 మే 28న లండన్ పత్రిక ‘అబ్జర్వర్’లో వెలువడిన పీటర్ బెనెన్సన్ వ్యాసంతో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ లేఖోద్యమానికి నాంది పడింది. ఆ వ్యాసం రాజకీయ ఖైదీని అతని అభిప్రాయంతో నిర్వచించింది. విడుదల కోరే లేఖలోని వాదానికి అదే ఆధారం. కుటుంబమే బందీ అయినప్పుడు ఆ ఆధారం చాలదు.

దక్షిణ కొరియా ఆర్థికశాస్త్రవేత్త ఓ కిల్‌నామ్ 1985లో పశ్చిమ జర్మనీ నుండి సకుటుంబంగా ఉత్తర కొరియా చేరి, మరుసటి సంవత్సరం కోపెన్‌హేగన్‌లో ఒంటరిగా తప్పించుకొన్నాడు. భార్య షిన్ సుక్‌జా, ఇద్దరు కుమార్తెలు యోదొక్ శిబిరం పాలయ్యారు. ఆ బాలికల పక్షాన సమర్థించదగిన అభిప్రాయమేదీ లేదు; వారి నేరం బంధుత్వమే. అటువంటి వారి కోసం రాసే లేఖ వాదాన్ని విడిచి పేర్లను, వయస్సులను, బంధుత్వాన్ని ఆశ్రయించక తప్పదు.

రూపరీత్యా అది అర్జీకి సన్నిహితం. బంధించినవారినే గౌరవవాచకాలతో సంబోధించాలి. ‘మహారాజశ్రీ’తో మొదలయ్యే పాత అర్జీలు ఎరిగిన తెలుగు పాఠకునికి ఈ వినయం కొత్త కాదు. అయితే అర్జీదారు ఏలికకు లోబడినవాడు. ఈ లేఖకుడు కాడు. అతని వినయం బందీల క్షేమం కోసం అరువు తెచ్చుకొన్నది. దానిని పిరికితనమనడం తొందరపాటు.

2012లో ఐక్యరాజ్యసమితికి ఉత్తర కొరియా జవాబిచ్చింది: షిన్ హెపటైటిస్‌తో మరణించిందని, కుమార్తెలు ఓను తండ్రిగా పరిగణించడం లేదని. లేఖ ఆశ్రయించిన బంధుత్వాన్నే జవాబు కొట్టివేసింది.