ప్రళయకావేరి కతలు: తీరప్రాంత ప్రణాళికకు సాహిత్య ఆధారం – పరిశీలన

1. ఉపోద్ఘాతం:

స.వెం. రమేశ్ రచించిన ‘ప్రళయకావేరి కతలు’ పులికాట్ సరస్సు పరిసరాల జీవితాన్ని అక్కడి పలుకుబడిలోనే నమోదు చేసిన కథాసంపుటి. మాండలికం, బాల్యస్మృతి అనే రెండు కోణాలకే దీని పఠనాన్ని పరిమితం చేస్తే, అందులోని స్థలజ్ఞానం మరుగున పడుతుంది. ఆ జ్ఞానం తీరప్రాంత పట్టణ ప్రణాళికకు ఎంతవరకు ఆధారం కాగలదో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. నేపథ్యం:

1914–15లో మద్రాసు ప్రెసిడెన్సీ పట్టణాలను పరిశీలించిన పాట్రిక్ గెడ్డెస్, ప్రణాళికకు ముందు క్షేత్రపరిశీలన జరగాలన్నాడు. ఆ సూత్రం నెల్లూరు తీరానికి నేడు మరింత వర్తిస్తుంది. 2008లో కృష్ణపట్నం ఓడరేవు ప్రారంభమైంది. తడ సమీపంలో శ్రీసిటీ వెలిసింది. 2017లో నెల్లూరు నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. 2015, 2021 నవంబరు నెలల్లో వరదలు జిల్లాను ముంచెత్తాయి. నీరు నిలిచే చోటేదో, పారే చోటేదో తెలియకుండా గీసిన పటానికి ఎంత మూల్యం చెల్లించాలో ఈ అనుభవాలు గుర్తుచేస్తాయి.

3. పదమే పటం:

కతల్లో కనిపించే ‘జల్లలదొరువు’ అన్న ఊరిపేరును గమనించాలి. దొరువు అంటే ఇసుకనేలలో తవ్విన లోతు తక్కువ నీటిగుంట. తీరంలో ఉప్పునీటిపై పలుచని పొరగా తేలే మంచినీటిని, ఉప్పునీరు కలవకుండా పైపైన తోడుకునే పద్ధతి అది. లోతైన బోర్లతో అతిగా తోడితే ఉప్పునీరు పైకి వస్తుంది. ఇసుకనేలను కాంక్రీటుతో కప్పితే వాననీరు ఇంకదు. భూవినియోగ పటంలో ‘ఖాళీ స్థలం’గా కనిపించే ఇసుకమేట ఊరికి నీటిగిడ్డంగి అని ఈ ఒక్క పదం చెబుతుంది. జువ్వలదిన్నెలోని ‘దిన్నె’ మెరకను, ఇసకపల్లిలోని ‘ఇసక’ నేల స్వభావాన్ని సూచిస్తాయి.

నీటి ఉపరితలం కూడా ఖాళీ కాదు. పులికాట్ మత్స్యకారులు వేట తావులను వంతులవారీగా పంచుకునే ‘పాడు’ పద్ధతి పరిశోధకులు నమోదు చేసినదే. సర్వే నెంబరు లేని ఆ హక్కులకు పటంలో చోటు దక్కదు.

4. పరిమితులు:

అయితే కథను సర్వే నివేదికగా చదవడం పొరపాటు. బాల్యస్మృతి సహజంగానే ఇష్టమైనదాన్ని నిలుపుకొని, కొంత వదిలివేస్తుంది. ఒకే కథకుడి చూపు యానాదుల, పట్టపువారి, స్త్రీల అనుభవాలన్నింటికీ ప్రాతినిధ్యం వహించలేదు. పేరున్నంత మాత్రాన దొరువు నేటికీ ఉందని చెప్పలేం. అందుచేత కథల్లోని స్థలనామాలను బాస్వెల్ నెల్లూరు జిల్లా మాన్యువల్ (1873), బటర్‌వర్త్–వేణుగోపాల్ చెట్టి శాసన సంపుటాలు (1905), గ్రామపటాలు, నేటి క్షేత్రపరిశీలనలతో సరిచూడాలి. సాహిత్యం ఎక్కడ వెతకాలో చెబుతుంది. ఏముందో నిర్ధారించవలసింది క్షేత్రమే.

5. విధానానికి దారి:

2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో సూళ్ళూరుపేట, తడ ప్రాంతాలు తిరుపతి జిల్లాలో చేరాయి. సరస్సులో కొంత భాగం తమిళనాడులో ఉంది. పాలనా సరిహద్దులు విడదీసిన ఈ ప్రాంతాన్ని కథల భాష ఒకటిగా చూపుతుంది.

తెలుగు శాఖలు చేయదగిన పని స్పష్టం. నీరు, నేల, వేటలకు సంబంధించిన మాండలిక పదాలను స్థలసూచనతో సంకలనం చేయాలి. ప్రణాళిక ముసాయిదాపై అభ్యంతరాలు, సూచనలు స్వీకరించే గడువులోగా దాన్ని అధికారులకు అందజేయాలి. గడువు దాటాక వెలువడే సిద్ధాంతగ్రంథం గ్రంథాలయానికే పరిమితమవుతుంది. ముసాయిదాలో ‘దొరువు’ అన్న మాట లేకపోతే, దొరువు పోతుందని అభ్యంతరం చెప్పే అవకాశం కూడా ఊరివారికి ఉండదు.

6. ముగింపు:

‘ప్రళయకావేరి కతలు’ ఒక తీరప్రాంత జ్ఞానకోశం; కానీ పరీక్షించి వాడుకోవలసిన కోశం. మాండలిక పరిశోధన పదాల అర్థాల దగ్గర ఆగక, అవి సూచించే నేల దాకా వెళ్ళినప్పుడే ప్రణాళికకు ఆధారమవుతుంది.