జవాబు రాకుండుట జయమేనా?

ఒకే యంత్రమున వేర్వేరు గదులవలె నడచు ప్రోగ్రాములే కంటైనర్లు. వాని నడుమ రాకపోకలను నియమించు సాఫ్ట్‌వేర్లలో సిలియం ఒకటి. దాని ప్రదర్శన 'స్టార్ వార్స్' చిత్రకథను ఆధారముగా గైకొన్నది. డెత్‌స్టార్ అను సేవను టై ఫైటర్, ఎక్స్‌వింగ్ అను రెండు నౌకలు దిగుటకు అనుమతి కోరును. మొదట రెండును దిగును. సామ్రాజ్యపు చీటీ గలవానినే రానిమ్మను నియమము పెట్టిన పిదప ఎక్స్‌వింగ్‌నకు జవాబే రాదు.

ఈ వరుసయే ప్రదర్శనకు ప్రాణము. సేవ ఆగిపోయినను జవాబు రాదు గదా! లవణములో క్లోరైడు లేదనుటకు ముందు, సిల్వర్ నైట్రేటు పనిచేయుచున్నదో లేదో ఉప్పునీటితో చూడవలదా? మొదటి మెట్టును వినోదమని తీసివేసి, చివరి నిరాకరణను మాత్రమే నిలుపుకొను పరీక్షలు నమ్మదగినవి కావు.

2019లో కుబర్నెటిస్ 1.16 వెలువడినపుడు, డిప్లాయ్‌మెంట్లను, నెట్‌వర్క్ నియమములను వ్రాయు పాత 'ఎక్స్‌టెన్షన్స్' రూపము చెల్లకుండపోయెను. ఒక్క అక్షరమైనను మారని స్క్రిప్టులు పనికిరాకపోయినవి. లోపము చూపి ఆగిన స్క్రిప్టు మేలు. లోపమును లెక్కింపక సాగు స్క్రిప్టులో సేవయు లేదు, నియమమును లేదు, జవాబు రాదు, పరీక్ష మాత్రము 'ఉత్తీర్ణము'! అప్పుడు టై ఫైటర్‌ను కూడ పంపి చూచినచో గుట్టు బయటపడును.