చిత్తూరు నాగయ్యగారి నటన

గొంతెత్తి రాగము తీయువాడే గొప్ప నటుడని మనవారు చిరకాలము నమ్మియుండిరి. పద్యము చివర ఆలాపన యెంత దీర్ఘమైన అన్ని కరతాళధ్వనులు. సభలో ‘వన్స్‌మోర్’ అని కేకలు పుట్టినచో మరణించిన పాత్రయు లేచి మరల పాడవలసినదే. అట్టి రంగమునుండి వచ్చి, సంగీతము చక్కగా నెరిగియు పాటను భావమునకు లోబరచిన నటుడు చిత్తూరు వి. నాగయ్యగారు. ఆయన ప్రతిభకు మూలము ఈ నిగ్రహమేయని మా యభిప్రాయము.

ఆయన 1904లో రేపల్లెయందు జన్మించిరి. ఇంటిపేరు ఉప్పలదడియము; లోకమిచ్చిన పేరు చిత్తూరు. ఆ యూరి రామవిలాససభవారి ‘సారంగధర’ నాటకమున పేరు గడించి, 1938లో ‘గృహలక్ష్మి’తో చలనచిత్రములలో ప్రవేశించిరి. మరుసటియేడే బి.ఎన్. రెడ్డిగారి ‘వందేమాతరము’లో నాయకపాత్ర ధరించిరి.

మా చదువరులు ముఖ్యముగా తలచుకొనదగినది 1940 నాటి ‘సుమంగళి’. వితంతువివాహమును సమర్థించు ఆ చిత్రమున, వీరేశలింగముగారిని స్ఫురింపజేయు వృద్ధసంస్కర్తగా ఆయన నటించిరి. అప్పటికి ఆయన వయస్సు ముప్పదియారేండ్లే. సంస్కర్త పాత్ర యనగానే నటులు ఉపన్యాసమునకు దిగుదురు. నాగయ్యగారి మాట సభలో వాదించినట్లుండదు. ఇంటిపెద్ద బిడ్డలకు నచ్చజెప్పినట్లుండును. ఆచారమును విడువ జంకువారి మనస్సు కరగునది ఇట్టి మాటకే. 1947లో వచ్చిన ‘యోగి వేమన’యందును ఇదియే గుణము. భోగియైన వేమన అన్నకూతురి మరణముచే విరాగియగు ఘట్టమున, గుండెలు బాదుకొనక మందస్వరముతోనే ఆయన శోకమును పలికించిరి.

అయినను ఒక లోపము చెప్పక తప్పదు. పోతన, త్యాగయ్య, వేమన పాత్రలు ధరించిన పిదప జనులాయనను నటుడుగా గాక ఋషిగా చూడజొచ్చిరి. తరువాతి కాలమున వచ్చినవి చాలవరకు సాధువులును, దుఃఖితులైన తండ్రులును. ఒకప్పుడు అనుభవమునుండి పుట్టిన గద్గదస్వరము క్రమముగా అలవాటైపోయినది. ఈ దోషము నటునిది మాత్రమే కాదు; క్రొత్త పాత్రలీయని నిర్మాతలదియు, కోరని ప్రేక్షకులదియు.

1946లో ‘త్యాగయ్య’ను తానే నిర్మించి, దర్శకత్వము వహించి, సంగీతము కూర్చి నటించిన ఆ ప్రతిభాశాలి, ఆర్జించినది దానములకును, సొంత చిత్రముల నష్టములకును వెచ్చించి, కడపట ఇబ్బందులపాలై 1973 డిసెంబరు 30వ తేదీన పరమపదించిరి. 1965లో పద్మశ్రీ బిరుదము లభించినది. మద్రాసు పానగల్లు పార్కున విగ్రహమును నిలిచినది. కాని బిరుదముతో ముదిమి గడవదు. విగ్రహము మరణానంతరపు మాట.

‘సుమంగళి’ చూచి కన్నీరు కార్చినవారిలో ఎందరు తమ ఇంటి వితంతువునకు మరల వివాహము చేసిరి? నటుని పాదములకు మ్రొక్కుట సులభము. ఆయన పాత్ర చెప్పిన మాటను ఇంట ఆచరించుట కష్టము. ఆ కష్టమునకు పూనుకొనుటయే ఆయనకు మనము చేయదగిన నిజమైన సన్మానము.